అరవై లినక్స్ మెషిన్లు, నాలుగొందల మంది యూజర్లు: పాస్‌వర్డ్‌లు ఎక్కడ పెట్టాలి?

ఏప్రిల్‌లో నేను చూసుకునే కాలేజీ లినక్స్ ల్యాబ్‌లో ఫైనలియర్ పిల్లలు వైవాలు ముగించుకుని ఎవరిదారిన వాళ్ళు వెళ్ళిపోయారు. ఆగస్టులో ఒకరోజు సర్వర్ లాగ్ తిరగేస్తుంటే వాళ్ళలో ఒకబ్బాయి కనిపించాడు. ముందురోజు రాత్రి పదకొండున్నరకి లాగిన్ అయ్యాడు. పాపం, తప్పుడు పనేమీ చేయలేదు, తన ప్రాజెక్టు కోడ్ కాపీ చేసుకుని పోయాడు. అయినా నాకు చెమటలు పట్టాయి. ఎందుకంటే మే నెలలో ఆ బ్యాచ్ ఖాతాలన్నీ నా చేత్తో నేనే లాక్ చేశాను.

తర్వాత తెలిసిందేమిటంటే, లినక్స్‌లో యూజర్‌ని లాక్ చేయడం అంటే అతని పాస్‌వర్డ్ హ్యాష్‌కి (పాస్‌వర్డ్‌ని నేరుగా వెనక్కి రాబట్టలేని విధంగా మార్చి దాచే అక్షరాల వరుస) ముందు ఒక ఆశ్చర్యార్థకం తగిలించడం. అంతే. పాస్‌వర్డ్ పనిచేయదు, కానీ ఎస్ఎస్‌హెచ్ కీ (పాస్‌వర్డ్ బదులు దూరం నుంచి లాగిన్ అవడానికి వాడే ఫైలు) పెట్టుకున్నవాడికి ఆ తలుపు తెరిచే ఉంటుంది. ముందు తలుపుకి తాళం వేసి పెరటి తలుపు మర్చిపోయానన్నమాట.

అప్పటిదాకా యూజర్ల పాస్‌వర్డ్‌లు ఎక్కడ, ఎలా పెట్టాలని ఎవరైనా సలహా అడిగితే ఏ హ్యాష్ గట్టిదో చెప్పేవాణ్ణి. ఇప్పుడు ముందు అడిగే ప్రశ్న వేరు: మీ దగ్గర్నుంచి వెళ్ళిపోయిన మనిషిని ఎంతసేపట్లో, ఎంత పూర్తిగా బయటికి పంపగలరు? ఖాతా తెరవడం అన్ని పద్ధతుల్లోనూ తేలికే. మూసేటప్పుడే వాటి అసలు రంగు బయటపడుతుంది.

ఐదు మెషిన్ల ఆఫీసు నుంచి కొన్ని వందల మెషిన్ల కాలేజీ దాకా యూజర్లను చూసుకునేవాళ్ళ కోసం ఇది రాస్తున్నాను. మీ సొంత పాస్‌వర్డ్‌లు దాచుకునే యాప్‌ల గురించి కాదు.

## దేన్ని బట్టి ఎంచుకోవాలి

తీసివేత. ఒక మనిషిని తీసేయాలంటే ఎన్నిచోట్ల చేయి పెట్టాలి? ఆ సమయానికి ఆపి ఉన్న మెషిన్ల సంగతేమిటి? తన వెంట తీసుకుపోయిన ల్యాప్‌టాప్ సంగతేమిటి?

హ్యాష్ ఎవరికి కనబడుతుంది. ఏ హ్యాష్ అయినా దొంగ చేతిలో పడ్డాక ఇక కాలమే కాపలా. బలహీనమైన పాస్‌వర్డ్‌లు గంటల్లో పోతాయి. కాబట్టి అది ఎన్ని మెషిన్లలో ఉంది, ఎవరు చదవగలరు అన్నది హ్యాష్ రకం కంటే ముందు చూడాలి.

సర్వర్ పడిపోతే. అన్నీ ఒకేచోట పెడితే ఆ ఒక్కటీ పోయిన రోజు ల్యాబ్ ఎగ్జామ్ ఉంటుంది. ఇది శాపం కాదు, అనుభవం.

నంబర్లు. లినక్స్‌కి మనిషి పేరుతో పనిలేదు, యూఐడీ అనే నంబరే మనిషి. ఒక మెషిన్‌లో 1004 అంటే శ్రీను, పక్క మెషిన్‌లో 1004 అంటే లక్ష్మి అయితే, రెండూ నెట్‌వర్క్ మీద పంచుకునే ఒకే ఎన్‌ఎఫ్‌ఎస్ ఫోల్డర్ వాడుతున్నప్పుడు శ్రీను ఫైళ్ళు లక్ష్మివి అయిపోతాయి. మామూలు ఎన్‌ఎఫ్‌ఎస్ క్లయింట్ చెప్పిన నంబరుని నమ్మేస్తుంది, ఇంకేమీ అడగదు.

చూసుకునేది ఎవరు. మీరు సెలవులో ఉన్నప్పుడు దాన్ని లేపగలిగేవాళ్ళు ఇంకొకరు ఉన్నారా? లేకపోతే ఎంత గొప్ప వ్యవస్థ అయినా మీ మెడకే గుదిబండ.

## ఏ మెషిన్‌కి ఆ మెషిన్: షాడో ఫైలు

లినక్స్ ఎక్కించగానే వచ్చేది ఇదే. ఈటీసీ ఫోల్డర్‌లోని పాస్‌వర్డ్ ఫైలులో పేరు, యూఐడీ, హోమ్ ఫోల్డర్, షెల్ ఉంటాయి. పేరుకి పాస్‌వర్డ్ ఫైలే గానీ ఇప్పుడు అందులో పాస్‌వర్డ్ ఉండదు, ఆ స్థానంలో ఒక ఎక్స్ అక్షరం ఉంటుంది. ఒకప్పుడు హ్యాష్ కూడా అక్కడే ఉండేది. నంబరు చూసి పేరు చెప్పాలంటే ప్రతి ప్రోగ్రామూ ఆ ఫైలు చదవాలి కాబట్టి అది అందరికీ తెరిచి ఉంచక తప్పదు. హ్యాష్‌లు కూడా అందరికీ కనబడేవి.

రాబర్ట్ మోరిస్, కెన్ థాంప్సన్ 1979లోనే ఈ ముప్పు గురించి రాశారు. ఒకే పాస్‌వర్డ్ పెట్టుకున్న ఇద్దరికి ఒకే హ్యాష్ రాకుండా సాల్ట్ (యాదృచ్ఛికంగా ఎంచిన కొన్ని అక్షరాలు) కలపడం వాళ్ళు వివరించిన పద్ధతే. వంటలో ఉప్పులాగే, కొంచెమే వేసినా మొత్తం మారిపోతుంది. తమాషా ఏమిటంటే, 1988 నవంబరులో ఇంటర్నెట్‌ని అతలాకుతలం చేసిన వార్మ్ (తనంతట తాను పాకే ప్రోగ్రాము) అవే పాస్‌వర్డ్ ఫైళ్ళు చదివి, తనతో తెచ్చుకున్న 432 పదాల జాబితాతో పాస్‌వర్డ్‌లు ఊహించింది. దాన్ని రాసింది ఆ మోరిస్ గారి అబ్బాయే. ఆ కాలంలోనే హ్యాష్‌లను వేరే ఫైలులోకి మార్చి, రూట్‌కి (అడ్మిన్ ఖాతాకి) తప్ప ఎవరికీ కనబడకుండా చేయడం మొదలైంది. ఆ వేరే ఫైలే షాడో.

షాడోలో ఒక్కో మనిషికి ఒక్కో వరుస, వరుసకి తొమ్మిది గడులు. రెండో గడిలో ఉన్న హ్యాష్ మొదలు చూస్తే దాని రకం తెలిసిపోతుంది. $1$ అంటే ఎండీ5, వెంటనే వదిలించుకోండి. $6$ అంటే ఎస్‌హెచ్‌ఏ-512, మామూలుగా 5000 చుట్లు (అంటే అన్నిసార్లు తిప్పి లెక్కగడుతుంది). రెండు డాలర్ల మధ్య వై ఉంటే యెస్‌క్రిప్ట్. డెబియన్ 11, ఫెడోరా 35, ఉబుంటు 22.04 నుంచి కొత్త పాస్‌వర్డ్‌లకు అదే వస్తోంది. మెమరీ కూడా ఎక్కువ తినేలా రాశారు కాబట్టి గ్రాఫిక్స్ కార్డులతో బద్దలు కొట్టేవాళ్ళకి ఖర్చు పెరుగుతుంది.

ఇందులో సుఖం ఏమిటంటే నెట్‌వర్క్ లేకపోయినా లాగిన్ అవుతుంది. చెడిపోవడానికి ఏమీ లేదు. ఫైలుని చేత్తో మార్చాల్సి వస్తే మామూలు ఎడిటర్‌తో తెరవకండి, వీఐపీడబ్ల్యూ వాడండి. మీరు మారుస్తుండగా ఇంకెవరో పాస్‌వర్డ్ మార్చుకుంటే ఒకరి మార్పు ఇంకొకరు తుడిచేయకుండా అది ఫైలుకి తాళం వేస్తుంది. తర్వాత ఒకసారి పీడబ్ల్యూసీకే నడిపితే వరుసల్లో తప్పులుంటే చెబుతుంది.

తీసివేత దగ్గరికొస్తే, ఒక్క మెషిన్‌లో కూడా మూడు గుంటలున్నాయి. మొదటిది నేను పడ్డదే. లాక్‌తో పాటు ఖాతా గడువు కూడా ముగించాలి. యూజర్‌మాడ్ కమాండ్‌లో గడువును 1 అని ఇస్తే ఖాతా 1970 జనవరిలోనే ముగిసినట్టు లెక్క, అప్పుడు కీతో వచ్చినవాణ్ణి కూడా రానివ్వదు. రెండోది, అప్పటికే లోపల ఉన్నవాడు బయటికి పోడు. నడుస్తున్న సెషన్‌ని విడిగా చంపాలి. మూడోది, యూజర్‌ని డిలీట్ చేస్తే హోమ్ ఫోల్డర్ బయట ఉన్న అతని ఫైళ్ళు ఆ నంబరుతోనే మిగిలిపోతాయి. ఉన్న నంబర్లలో పెద్దదానికి ఒకటి కలిపి కొత్త యూజర్‌కి ఇవ్వడం యూజర్‌యాడ్ అలవాటు. అంటే ఆఖరున చేర్చినవాణ్ణి తీసేసి వెంటనే ఇంకొకర్ని చేర్చారనుకోండి, పాతవాడి నంబరు, ఆ నంబరుతో ఉన్న ఫైళ్ళు కొత్తవాడికి వారసత్వంగా వస్తాయి. అందుకే నేను డిలీట్ చేయను. గడువు ముగించి, ఏడాది అలాగే ఉంచుతాను.

ఇదంతా ఒక మెషిన్‌కి. ఐదింటికి చేయొచ్చు. అరవైకి చేశానని ఎవరైనా అంటే నమ్మకండి.

## అవే ఫైళ్ళు, యాన్సిబుల్‌తో

సెంట్రల్ సర్వర్ పెట్టుకునే ఓపిక లేనివాళ్ళకి ఇది మధ్యేమార్గం. యూజర్ల జాబితా ఒకచోట రాసుకుని, యాన్సిబుల్ అనే ఆటోమేషన్ సాఫ్ట్‌వేర్‌తో అన్ని మెషిన్లలో ఒకేలా సృష్టించడం. యూఐడీలు కూడా జాబితాలోనే రాస్తే నంబర్ల గొడవ పోతుంది. సర్వర్ పడిపోవడం అన్న ప్రశ్నే లేదు, ఎందుకంటే లాగిన్ సమయంలో ఏ సర్వర్‌నీ అడగరు.

పది పదిహేనుమంది ఇంజనీర్లు, ముప్పై క్లౌడ్ సర్వర్లు ఉన్న చిన్న కంపెనీకి నేను ఇదే చెబుతాను. అక్కడ ఎలాగూ ఎస్ఎస్‌హెచ్ కీలే వాడతారు. పాస్‌వర్డ్ హ్యాష్ అసలు పెట్టనక్కర్లేదు. లేని హ్యాష్‌ని ఎవరూ దొంగిలించలేరు.

కాలేజీ ల్యాబ్‌లో మాత్రం ఇది రెండుచోట్ల ఇరుక్కుంటుంది. విద్యార్థి ఒక మెషిన్‌లో పాస్‌వర్డ్ మార్చుకుంటే మిగతా 59 మెషిన్లకు తెలియదు. పైగా యాన్సిబుల్ మళ్ళీ నడిచినప్పుడు, మీరు వేరేగా చెప్పకపోతే, అతను మార్చుకున్నదాన్ని తుడిచేసి జాబితాలోని పాతదే పెడుతుంది. సృష్టించేటప్పుడు మాత్రమే పాస్‌వర్డ్ పెట్టు అని చెప్పే సెట్టింగ్ ఉంది, దాన్ని వాడండి.

రెండోది తీసివేతే. జాబితాలోంచి పేరు కొట్టేస్తే మెషిన్లలోంచి మనిషి పోడు. యాన్సిబుల్‌కి తెలిసింది రాసినది ఉండేలా చూడడమే, రాయనిదాన్ని వెతికి తీసేయడం కాదు. పేరు ఉంచి, స్థితిని 'లేదు' అని మార్చాలి. అది కూడా అన్ని మెషిన్లలోనూ నడిచిందని చూసుకున్నాకే వరుస తీసేయాలి. మూలన కూర్చున్న, మౌస్ పోయిన, ఎవరూ ఆన్ చేయని ఆ 43వ మెషిన్ ఉంటుంది చూశారూ, దాంట్లో మూడేళ్ళ కిందటి బ్యాచ్ అంతా క్షేమంగా ఉంటుంది.

ఇంకో చిన్న గుంట. కొత్త ఉబుంటులో తయారైన యెస్‌క్రిప్ట్ హ్యాష్‌ని తీసుకెళ్ళి సెంట్‌ఓఎస్ 7లోనో ఉబుంటు 18.04లోనో పెడితే పాస్‌వర్డ్ సరిగ్గా కొట్టినా లోపలికి రానివ్వదు. వాటికి ఆ రకమే తెలియదు. పాతా కొత్తా కలిసి ఉన్నచోట $6$ వాడండి, పాతవాటిని త్వరగా సాగనంపండి.

## ఎన్ఐఎస్: వద్దు

ఖాతాల వివరాలు ఒక సర్వర్ నుంచి అన్ని మెషిన్లకూ పంచే పాత పద్ధతి ఇది. పాత ల్యాబ్ మాన్యువల్స్‌లో ఇంకా కనబడుతుంది కాబట్టి రెండు ముక్కలు. సన్ కంపెనీ 1980ల్లో తెచ్చింది, మొదటి పేరు ఎల్లో పేజెస్. ఆ పేరు బ్రిటిష్ టెలికాం ట్రేడ్‌మార్క్ కావడంతో మార్చుకున్నారు గానీ కమాండ్ల ముందు వైపీ అలాగే ఉండిపోయింది. పెట్టడం తేలిక, పదిహేను నిమిషాల పని. కానీ మామూలుగా పెడితే వైపీక్యాట్ అనే ఒక్క కమాండ్‌తో ల్యాబ్‌లో ఎవరైనా అందరి హ్యాష్‌లూ తెర మీద చూడొచ్చు. షాడో ఫైలు ఎందుకు పుట్టిందో ఆ కారణాన్నే ఇది రద్దు చేస్తుంది. రెడ్‌హ్యాట్ 9వ వెర్షన్ నుంచి దీని ప్యాకేజీలే తీసేసింది. సిలబస్‌లో ఉంటే క్లాసులో చెప్పండి, మెషిన్లలో మాత్రం పెట్టకండి.

## ఓపెన్‌ఎల్‌డ్యాప్ ఒక్కటే

ఓపెన్‌ఎల్‌డ్యాప్ ఒక డైరెక్టరీ సర్వర్. అందులో అందరి వివరాలూ ఉంటాయి, ప్రతి మెషిన్‌లోని ఎస్ఎస్ఎస్‌డీ అనే ప్రోగ్రాము దాన్ని అడిగి లాగిన్ చేయిస్తుంది. లినక్స్ ఖాతా వివరాలు ఎల్‌డ్యాప్‌లో (డైరెక్టరీతో మాట్లాడే పద్ధతి) ఎలా రాయాలో 1998లోనే ఒక పత్రం వచ్చింది, అందుకే దాదాపు ప్రతి సాఫ్ట్‌వేరూ దీనితో మాట్లాడుతుంది. విక్కీ, గిట్ సర్వర్, లైబ్రరీ సాఫ్ట్‌వేర్, వైఫై, అన్నీ ఒకే పాస్‌వర్డ్‌తో నడపొచ్చు. తేలికగా ఉంటుంది, చిన్న వర్చువల్ మెషిన్‌లో సరిపోతుంది.

అయితే ఇది వంటసామాను మాత్రమే, వండిన భోజనం కాదు. యాక్సెస్ నియమాలు ఏమీ రాయకపోతే ఓపెన్‌ఎల్‌డ్యాప్ అందరికీ అన్నీ చదవనిస్తుంది, హ్యాష్‌లతో సహా. డిస్ట్రోలు కొన్ని నియమాలు ముందే రాసిస్తాయి గానీ, ఏవో ట్యుటోరియల్స్ చూసి మళ్ళీ మొదట్నుంచి రాసుకున్నవాళ్ళు ఈ గోతిలో పడతారు. పెట్టిన వెంటనే పేరూ పాస్‌వర్డూ ఇవ్వకుండా బయటినుంచి ఒకసారి వెతికి చూడండి, పాస్‌వర్డ్ గడి కనబడకూడదు. ఇక సాదా పద్ధతిలో క్లయింట్ నుంచి పాస్‌వర్డ్ ఉన్నదున్నట్టుగా సర్వర్‌కి వెళుతుంది, కాబట్టి టీఎల్ఎస్ (దారిలో ఎవరూ చదవకుండా గుప్తం చేసే పొర) లేకుండా 389 పోర్టు మీద నడపడం అంటే పోస్టుకార్డు మీద పాస్‌వర్డ్ రాసి పంపడమే. మామూలుగా వచ్చే హ్యాష్ సాల్ట్ కలిపిన ఎస్‌హెచ్‌ఏ-1, ఈ రోజుల్లో చాలా పలచన. ఆర్గాన్2 అనే గట్టి హ్యాష్‌కి మాడ్యూల్ ఉంది, దాన్ని మీరే ఎక్కించుకోవాలి.

ఈ మూడూ తెలిసి, శ్రద్ధగా చేసేవాళ్ళుంటే బాగుంటుంది. నా మట్టుకు నేను రెండేళ్ళు నడిపి వదిలేశాను. పనిచేయలేదని కాదు, నేను ఊళ్ళో లేనప్పుడు దాన్ని ముట్టుకోవడానికి ల్యాబ్ అసిస్టెంట్ భయపడేవాడు.

## ఫ్రీఐపీఏ

రెడ్‌హ్యాట్ వాళ్ళ నేతృత్వంలో తయారైంది. ఒక ఎల్‌డ్యాప్ సర్వర్, ఎంఐటీ కెర్బెరాస్, సర్టిఫికెట్లు, కావాలంటే డీఎన్ఎస్, వీటన్నిటికీ కలిపి ఒక బ్రౌజర్ పేజీ. అసిస్టెంట్ ఆ పేజీ తెరిచి పేరు వెతికి 'డిజేబుల్' నొక్కగలడు. నా ఓటు పడడానికి సగం కారణం అదే.

కెర్బెరాస్ గురించి తెలియనివాళ్ళకి: ఎంఐటీలో 1983లో మొదలైన ఎథీనా ప్రాజెక్టులో పుట్టింది. నెట్‌వర్క్ మీద పాస్‌వర్డ్ పంపకుండానే, అది మీకు తెలుసని సర్వర్‌కి నిరూపించి ఒక టికెట్ తెచ్చుకుంటారు. ఆ తర్వాత రోజంతా ఆ టికెట్ చూపిస్తూ తిరగొచ్చు. బస్ పాస్ లాంటిది, ప్రతి బస్సులో మళ్ళీ డబ్బులు తీయనక్కర్లేదు.

ఆ టికెట్ మీద టైము ఉంటుంది కాబట్టి గడియారాలు కలవాలి. మామూలుగా ఐదు నిమిషాల తేడా వరకే ఒప్పుకుంటుంది. మా ల్యాబ్‌లో మొదటి వారం ఏడు మెషిన్లు మొండికేశాయి. తీరా చూస్తే మదర్‌బోర్డు మీద బటన్ సెల్ అయిపోయి, కరెంటు పోయి వచ్చినప్పుడల్లా తేదీ ఎక్కడికో వెనక్కి పోతోంది. కెర్బెరాస్ పుస్తకాలన్నీ తిరగేసి చివరికి ఒక డజను సెల్స్ కొన్నాను. సెల్స్ మార్చాక టైమ్ సర్వర్ కూడా కట్టండి. ఆఫీసులైతే అది ఎలాగూ చేయాలి, ఎన్‌ఐసీ లేదా నేషనల్ ఫిజికల్ ల్యాబొరేటరీ టైమ్ సర్వర్లతో గడియారాలు కలపమని దేశ సైబర్ భద్రతా సంస్థ సెర్ట్-ఇన్ 2022 ఏప్రిల్ ఆదేశాల్లో ఉంది. లాగ్‌లు 180 రోజులు దాచమనీ అందులోనే ఉంది.

ఇప్పుడు తీసివేత. ఒక్కచోట నొక్కితే అన్నిచోట్లా మూతపడుతుంది, కీలు కూడా డైరెక్టరీలోనే పెట్టుకుంటే అవి కూడా. అయినా రెండు చిల్లులున్నాయి. అప్పటికే తీసుకున్న టికెట్ దాని గడువు దాకా చెల్లుతుంది, మామూలుగా అది 24 గంటలు. రెండోది పెద్దది. సర్వర్ పడిపోయినా లాగిన్ అవ్వాలని ఎస్ఎస్ఎస్‌డీ పాస్‌వర్డ్ హ్యాష్ ఒకటి మెషిన్‌లోనే దాచుకుంటుంది. ఎగ్జామ్ రోజు మనల్ని కాపాడేది అదే. కానీ ఉద్యోగం మానేసినవాడు ల్యాప్‌టాప్‌ని నెట్‌కి తగిలించకుండా ఉంచితే, సర్వర్‌లో అతను లేడన్న కబురు దానికి చేరదు, పాత పాస్‌వర్డ్‌తో తెరుచుకుంటూనే ఉంటుంది. అలా ఎన్నాళ్ళు ఒప్పుకోవాలో చెప్పే సెట్టింగ్ మామూలుగా సున్నా, అంటే గడువే లేదు. డెస్క్‌టాప్‌లకి ఏడు రోజులు, ల్యాప్‌టాప్‌లకి మూడు రోజులు అని నేను మార్చుకున్నాను. సర్వర్ పడితే ఏమవుతుంది, మనిషిని ఎంత పూర్తిగా పంపగలం అన్న రెండు కొలతలు ఒకదాన్నొకటి లాగేది ఇక్కడే. రెండూ పూర్తిగా కావాలంటే కుదరదు.

ఖర్చు సంగతి. సర్వర్‌కి కనీసం 4 జీబీ ర్యామ్ ఇవ్వండి. ఒకటి కాదు, రెండు సర్వర్లు పెట్టండి, రెండోది మొదటిదాని ప్రతిరూపంగా తనంతట తాను నడుస్తుంది. సర్వర్‌కి ఫెడోరా, రాకీ, అల్మా లాంటివి వాడండి, క్లయింట్లు ఉబుంటు అయినా ఫర్వాలేదు. డొమైన్ పేరు మీ సొంత డొమైన్ కింద ఒక ఉపడొమైన్ ఎంచుకోండి, తర్వాత మార్చడమంటే దాదాపు మళ్ళీ కట్టుకోవడమే.

ఉన్న యూజర్ల పాస్‌వర్డ్‌లు పోతాయేమోనని భయపడనక్కర్లేదు. మైగ్రేషన్ మోడ్ పెట్టి షాడోలోని హ్యాష్‌లను అలాగే ఎక్కించవచ్చు. ఒక్కొక్కరూ మొదటిసారి లాగిన్ అయినప్పుడు వాళ్ళ కెర్బెరాస్ కీ తయారవుతుంది. అలా కాకుండా అందరికీ మీరే కొత్త పాస్‌వర్డ్ ఇస్తే, మొదటి లాగిన్‌లోనే మార్చుకోమంటుంది. నాలుగొందల మందికి ఒకే ఉదయం ఆ పని పెట్టకండి.

ఇంకొకటి, మామూలుగా 90 రోజులకి పాస్‌వర్డ్ గడువు తీరుతుంది. వేసవి సెలవుల తర్వాత ల్యాబ్ ముందు క్యూ చూడాలంటే అలాగే ఉంచండి. ఊరికే కాలం గడిచిందని పాస్‌వర్డ్ మార్పించడం వద్దని అమెరికా ప్రమాణాల సంస్థ నిస్ట్ 2017 నుంచీ చెబుతోంది. బయటపడ్డాయని అనుమానం వస్తే మార్పించండి, చాలు.

## సాంబా యాక్టివ్ డైరెక్టరీ

మీ దగ్గర సగం మెషిన్లు విండోస్ అయితే ఫ్రీఐపీఏ మీద పట్టుబట్టకండి, విండోస్‌ని దాంట్లో చేర్చడం వంకర పని. సాంబా 2012 చివర్లో వచ్చిన 4.0 నుంచి సొంతంగా డొమైన్ కంట్రోలర్‌గా (యాక్టివ్ డైరెక్టరీ అనే మైక్రోసాఫ్ట్ ఖాతాల వ్యవస్థని నడిపే సర్వర్‌గా) పనిచేస్తోంది. లైసెన్స్ ఖర్చు లేదు, విండోస్ మెషిన్లు దాన్ని మైక్రోసాఫ్ట్ సర్వర్ అనుకునే చేరతాయి. డెబియన్, ఉబుంటు మీద పెట్టండి, రెడ్‌హ్యాట్ తన ప్యాకేజీల్లో ఈ భాగం ఇవ్వదు.

కొనేముందు చూసుకోవాల్సింది ఒకటుంది. విండోస్ హోమ్ ఎడిషన్ ఏ డొమైన్‌లోనూ చేరదు. టెండర్‌లో నాలుగు డబ్బులు తగ్గుతాయని హోమ్ ఎడిషన్‌తో ముప్పై సిస్టమ్‌లు తెప్పించుకున్న చోట్లు నాకు తెలుసు. ప్రో కావాలి.

యాక్టివ్ డైరెక్టరీ పద్ధతిలో దాచే ఎన్‌టీ హ్యాష్ పాత ఎండీ4 మీద నడుస్తుంది, సాల్ట్ కూడా ఉండదు. ఉప్పులేని పప్పన్నమాట. ఒకే పాస్‌వర్డ్ పెట్టుకున్న ఇద్దరికీ ఒకే హ్యాష్. కాబట్టి డొమైన్ కంట్రోలర్‌నీ దాని బ్యాకప్‌నీ బంగారంలా చూసుకోవాలి. బ్యాకప్ పెన్‌డ్రైవ్ సొరుగులో పడేసి ఉంటే మిగతా జాగ్రత్తలన్నీ వృథా. ఇక్కడ పాస్‌వర్డ్ గడువు మామూలుగా 42 రోజులు, పైన చెప్పిన క్యూ రెండింతలు. లినక్స్ మెషిన్లను దీనికి కలిపేటప్పుడు యూఐడీ లెక్కగట్టే పద్ధతి అన్నిటిలోనూ ఒకటే పెట్టండి, లేకపోతే శ్రీను, లక్ష్మి కథ మళ్ళీ మొదలు.

## ఒకచోట చూస్తే

| పద్ధతి | ఒకరిని తీసేయాలంటే | హ్యాష్ ఎక్కడ | సర్వర్ పడితే | చూసుకునే భారం |
|---|---|---|---|---|
| ఒక్కో షాడో ఫైలు | ప్రతి మెషిన్‌లో విడిగా | ప్రతి మెషిన్‌లో, రూట్‌కే | సమస్య లేదు | ఐదు మెషిన్ల దాకా తక్కువ |
| షాడో, యాన్సిబుల్ | ఒకచోట రాయాలి, ఆపి ఉన్నవి మిగిలిపోతాయి | ప్రతి మెషిన్‌లో. కీలు వాడితే అసలు ఉండదు | సమస్య లేదు | తక్కువ |
| ఎన్ఐఎస్ | ఒకచోట | నెట్‌వర్క్‌లో అందరికీ | లాగిన్ ఆగిపోతుంది | తక్కువే, అయినా వద్దు |
| ఓపెన్‌ఎల్‌డ్యాప్ | ఒకచోట, మెషిన్లలోని కీలు విడిగా | సర్వర్‌లో, నియమాలు సరిగా ఉంటే | హ్యాష్ దాచుకునేలా పెడితే నడుస్తుంది | ఎక్కువ, తెలిసినవాళ్ళు కావాలి |
| ఫ్రీఐపీఏ | ఒకచోట, టికెట్ గడువు దాకా చిన్న సందు | సర్వర్లలో, కొంత మెషిన్లలో | రెండో సర్వర్, దాచిన హ్యాష్ | మొదట ఎక్కువ, తర్వాత తక్కువ |
| సాంబా ఏడీ | ఒకచోట, అదే సందు | సర్వర్‌లో, సాల్ట్ లేకుండా | రెండో కంట్రోలర్ ఉంటే ఫర్వాలేదు | మధ్యస్థం |

## మీది ఏ పరిస్థితి

ఇంట్లోనో చిన్న ఆఫీసులోనో ఐదారు మెషిన్లుంటే షాడో చాలు. సర్వర్ పెట్టకండి, ఉన్న సమస్యకి ఇంకోటి తోడవుతుంది. ఎవరెవరికి ఏ మెషిన్‌లో ఖాతా ఉందో ఒక కాగితం మీద రాసిపెట్టుకోండి. మనిషి మానేసిన రోజు ఆ కాగితమే మీ డైరెక్టరీ.

స్టార్టప్, అన్నీ క్లౌడ్‌లో, అందరూ ఇంజనీర్లు: యాన్సిబుల్, కీలు. యాభైమంది దాటాక మళ్ళీ ఆలోచించండి.

లినక్స్ ల్యాబ్, వందల మంది విద్యార్థులు, ఏటా ఒక బ్యాచ్ వచ్చి ఒక బ్యాచ్ వెళ్ళడం: ఫ్రీఐపీఏ. బ్యాచ్‌కి ఒక గ్రూపు, ఖాతా తెరిచేటప్పుడే ప్రిన్సిపల్ ఎక్స్‌పైరీ అన్న గడిలో కోర్సు ముగిసే తేదీ. ఇలా చేస్తే మే నెలలో నేను మర్చిపోయినా పాస్‌వర్డ్ లాగిన్ మూతపడుతుంది, కీల సంగతి మాత్రం 'డిజేబుల్' నొక్కి ఖాయం చేసుకోవాలి. సర్వర్ నడిపే మనిషే లేకపోతే మాత్రం ఒక మెట్టు దిగి యాన్సిబుల్ దగ్గరే ఆగండి. చూసుకునేవాళ్ళు లేని ఫ్రీఐపీఏ కంటే చూసుకునే షాడో ఫైలు మేలు.

విండోస్, లినక్స్ కలగాపులగం: సాంబా. ఇప్పటికే మైక్రోసాఫ్ట్ సర్వర్ కొని ఉంటే దాన్నే వాడండి, లినక్స్ మెషిన్లను దానికి కలపండి, రెండో డైరెక్టరీ పెట్టకండి.

## మీది వెబ్ యాప్ అయితే

మీ యూజర్లు మెషిన్‌లోకి లాగిన్ అయ్యేవాళ్ళు కాదు, సైట్‌కి వచ్చేవాళ్ళు అయితే పైవేవీ అక్కర్లేదు. డేటాబేస్‌లో ఒక టేబుల్, మీ ఫ్రేమ్‌వర్క్‌తో వచ్చే హ్యాష్ ఫంక్షన్. కొత్తగా కడుతుంటే ఆర్గాన్2ఐడీ. వెబ్ భద్రతా సంస్థ ఓవాస్ప్ చెప్పే కనీసం 19 ఎంబీ మెమరీ, రెండు చుట్లు. బీక్రిప్ట్ అనే పాత హ్యాష్ ఇప్పటికే ఉంటే కంగారుపడి మార్చనక్కర్లేదు.

ఒక్క విషయం మాత్రం తెలుగువాళ్ళు ప్రత్యేకంగా గమనించాలి. బీక్రిప్ట్ 72 బైట్ల దాకానే చదువుతుంది, చాలా లైబ్రరీలు మిగతాది చప్పుడు చేయకుండా కత్తిరించేస్తాయి. ఇంగ్లిష్‌లో 72 అక్షరాలంటే ఎవరికీ తగలదు. తెలుగులో ఒక్కో గుర్తుకీ మూడేసి బైట్లు. 'స్త్రీ' అన్న ఒక్క అక్షరంలో ఆరు గుర్తులు, పద్దెనిమిది బైట్లు. నాలుగు 'స్త్రీ'లతో కోటా అయిపోయింది. ఎవరైనా తెలుగులో పద్యపాదం పాస్‌వర్డ్‌గా పెట్టుకుంటే చివరి సగం ఏం కొట్టినా లోపలికి రానిస్తుంది. ఇంకా ఉంది. ఐత్వాన్ని ఒకే గుర్తుగానూ రాయొచ్చు, ఎత్వం కింద ఇంకో గుర్తు చేర్చి రెండుగానూ రాయొచ్చు. కంటికి 'కై' రెండుచోట్లా ఒకటే, బైట్లు వేరు, హ్యాష్ వేరు. ఫోన్ కీబోర్డు ఒకలా, కంప్యూటర్ కీబోర్డు ఇంకోలా పంపితే సరైన పాస్‌వర్డే తప్పవుతుంది. హ్యాష్ చేసేముందు యూనికోడ్ నార్మలైజేషన్ (ఇలాంటి రెండు రూపాలనీ ఒకటిగా మార్చడం) ఒక వరుస రాయండి, తెలుగువాళ్ళు వాడే యాప్ అయితే తప్పనిసరిగా.

## పెట్టిన రోజు సాయంత్రమే

ఏది ఎంచుకున్నా ఒక డమ్మీ యూజర్‌ని చేర్చి మూడు మెషిన్లలో లాగిన్ అవ్వండి. ఒకదాంట్లో ఎస్ఎస్‌హెచ్ కీ పెట్టండి. ఒకదాంట్లో సెషన్ తెరిచే ఉంచండి. మూడోదాని నెట్‌వర్క్ కేబుల్ పీకేయండి. ఇప్పుడు ఆ యూజర్‌ని మూసేసి, మూడింటి దగ్గరికీ నడిచి వెళ్ళి మళ్ళీ ప్రయత్నించండి. ఎక్కడెక్కడ తలుపు తెరుచుకుందో, ఎంతసేపటికి మూతపడిందో రాసుకుని సర్వర్ ర్యాక్ తలుపు లోపలివైపు అంటించండి. మా దగ్గర ఆ కాగితం మీద మూడో వరుసలో 'ఏడు రోజులు' అని ఉంది.